కోప్రివ్‌ష్టిత్సా చర్చి, మా చిన్నాన్న కొవ్వొత్తి

రెండు నెలల కిందట మా ఆడపడుచు వాళ్ళింటికి సీతంపేట వెళ్ళాను. సాయంత్రం సంత చూసుకుని నడిచి వస్తుంటే, ఊరి చివర ఒక సవర ముసలామె ఇంటి ముందు మూడు రాళ్ళ పొయ్యి మీద పాత సత్తు గిన్నె పెట్టి, తేనె పిండేశాక మిగిలిన పట్టుని నీళ్ళలో వేసి మరిగిస్తోంది. మైనం కరిగి పైకి తేలుతోంది, ఆమె పుల్లతో చెత్త తీసి పక్కన పారేస్తోంది. ఆ వాసన తగలగానే నా కాళ్ళు ఆగిపోయాయి. తేనె, పొగ, మగ్గిన పువ్వులు అన్నీ కలిసిన ఒక బరువైన వాసన. "ఏటొదినా, తేనె కావాలేటి?" అంది మా ఆడపడుచు. వద్దన్నాను కానీ అక్కణ్ణించి కదల్లేకపోయాను. ఆ వాసన నాకు తెలుసు. పదేళ్ళ పైమాటే అయింది చివరిసారి పీల్చి. బల్గేరియాలో, కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో, నేల మట్టానికి కిందగా కట్టిన ఒక పాత చర్చిలో.

ఆ చర్చికి నన్ను తీసుకెళ్ళిన ఆవిడ ఈ మార్చిలో చనిపోయింది. అందుకే రాస్తున్నాను.

* * *

పెళ్ళికి ముందు నేను సోఫియాలో నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఆఫీసు మ్లాదొస్త్ అనే పేటలో. అక్కడంతా ఎత్తైన కాంక్రీటు అపార్ట్‌మెంట్లు, కమ్యూనిస్టుల కాలంలో ఫ్యాక్టరీలో పలకలుగా పోసి తెచ్చి నిలబెట్టినవి. అలాంటి ఒక బిల్డింగులో ఆరో అంతస్తులో ఒక గది అద్దెకి తీసుకున్నాను. ఇల్లుగలావిడ ఒక్కతే ఉండేది. డెబ్భై దాటింది అప్పటికే. ఏమని పిలవాలని అడిగితే "బాబా" అంది. బల్గేరియన్‌లో బాబా అంటే అమ్మమ్మ, మామ్మ, ఏదైనా సరే. మగవాళ్ళని పిలిచే మాటతో ఒక ముసలమ్మని పిలవడం నాకు మొదటి వారం నోరు తిరగలేదు, తర్వాత అదే అలవాటయిపోయింది, ఇప్పుడు ఆ మాట ఎక్కడ విన్నా నాకు ముందు ఆవిడే గుర్తొస్తుంది.

ఆవిడ భర్త పోయి అప్పటికి ఎనిమిదేళ్ళు. కొడుకు షికాగోలో. కూతురు సోఫియాలోనే వేరే పేటలో. మా ఫ్లాటు తలుపు మీద ఆయన ఫోటోతో ఒక కాగితం అంటించి ఉండేది. అక్కడ మనిషి పోతే పేరు, వయసు, ఫోటో వేసి కాగితం అచ్చేయించి ఇంటి తలుపు మీద, వీధి దీపాల స్తంభాల మీద, బస్‌స్టాపుల్లో, చెట్లకి కూడా అంటిస్తారు. పోయిన రోజే కాదు, నలభయ్యో రోజుకి, ఆర్నెల్లకి, ఏడాదికి, పదేళ్ళకి కూడా కొత్త కాగితం వేస్తారు. మొదట్లో ఆఫీసుకి నడిచి వెళ్తుంటే దారి పొడుగునా పోయినవాళ్ళ ముఖాలే కనపడి నాకు భయమేసేది. తర్వాత తర్వాత ఆ ముఖాలు చూసుకుంటూ నడవడం అలవాటయింది. మన పెద్దకర్మ కార్డు ఒకసారి పంచితే అయిపోతుంది. వీళ్ళు గోడ మీద మనిషిని ఏళ్ళ తరబడి ఉంచుకుంటారు.

బాబా వంటింట్లో కిటికీ పక్కన ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. దాని నిండా స్తొతింకీలు, అంటే వాళ్ళ పైసలు. వంద స్తొతింకీలు ఒక లెవ్. కూరగాయలు కొని వచ్చిన ప్రతిసారీ చిల్లర అందులో పడేసేది. ఖణేల్‌మని చప్పుడు. ఎందుకు బాబా అంటే, "కొవ్వొత్తులకి" అనేది. ఇప్పుడు అక్కడ యూరో వచ్చేసింది, ఆ స్తొతింకీలు ఇక లేవు. ఆ డబ్బా ఏమైందో.

సెప్టెంబరు వస్తే ఆ బిల్డింగంతా కాల్చిన మిరపకాయల వాసన. మన కారం మిరప కాదు, అరచేతి పొడుగున ఎర్రగా, తియ్యగా ఉండే రకం. అవి కాల్చడానికే కరెంటుతో పనిచేసే ఒక గుండ్రటి పొయ్యి ఉంటుంది, చుష్కోపెక్ అంటారు. బాల్కనీలో స్టూలు వేసుకుని కూచుని ఒక్కొక్కటే అందులో దించి, కాలాక తీసి మూత పెట్టిన గిన్నెలో వేసి, చల్లారాక తొక్క ఒలిచి, టమాటాతో ఉడికించి లూతెనిత్సా అని పచ్చడి చేసేది. చలికాలం నడిచేదాకా జాడీలు జాడీలు. మా అమ్మ ఆవకాయ పెట్టే రోజుల్లో ఇంట్లో ఎవర్నీ మాట్లాడనిచ్చేది కాదు, ముక్కల మీద తడి చెయ్యి పడితే ఇక అంతే. బాబా కూడా సరిగ్గా అలాగే. ఆ రెండు రోజులూ నేను తొక్కలు ఒలవడం తప్ప ఇంకేం ముట్టుకోకూడదు.

ఇంకో సంగతి చెప్పాలి, తర్వాత కథకి ఇది కావాలి. బల్గేరియాలో తల అడ్డంగా ఊపితే అవును అని. గడ్డం పైకెత్తి నిలువుగా ఊపితే కాదు అని. మనం సరే సరే అంటూ తల అటూ ఇటూ ఆడిస్తాం కదా, అది వాళ్ళకి చక్కగా అర్థమవుతుంది, ఆ విషయంలో నాకూ బాబాకీ మొదటి రోజు నుంచే ఇబ్బంది లేదు. చిక్కంతా కాదు అని చెప్పాల్సి వచ్చినప్పుడే.

* * *

బాబా పుట్టిన ఊరు కోప్రివ్‌ష్టిత్సా. సోఫియాకి తూర్పున నూటపది కిలోమీటర్ల దూరంలో, స్రెద్నా గొరా అనే కొండల్లో, వెయ్యి మీటర్ల పైన. కోప్రివా అంటే ముట్టుకుంటే దద్దుర్లు లేచే ఒక ఆకు, వసంతంలో దాంతో చారు కాస్తారు, ఊరి పేరు దాన్నుంచే అంటారు. అక్కడి పెద్ద చర్చి మేరీమాత పరమపదించిన పండగ పేరు మీద కట్టింది. ఆ పండగ ఆగస్టు 15. ప్రతి ఏడూ బాబా ఆ రోజుకి ఊరు వెళ్తుంది.

"నువ్వూ రా" అంది ఒక ఏడు. ఆ రోజు మన స్వాతంత్ర్య దినం, హైదరాబాద్ టీముకి సెలవు, నాకు కాల్స్ లేవు. లీవు పెట్టాను.

పొద్దున్నే సోఫియా స్టేషన్‌లో రైలెక్కాం. పెట్టెల మీద రంగు స్ప్రేలతో రాతలు, లోపల సీట్లు దిగబడిపోయి ఉన్నాయి, కానీ కిటికీ అద్దం దించితే గాలి ముఖానికి కొడుతుంది, నాకు అదే హాయి. బాబా సంచిలో ఉడికించిన గుడ్లు, జున్ను, టమాటాలు, ఒక పెద్ద రొట్టె, బిస్కెట్ల డబ్బాలోంచి తీసి రుమాల్లో మూట కట్టిన స్తొతింకీలు. పిర్దోప్ దగ్గర రాగి కరిగించే ఫ్యాక్టరీ పొడుగాటి గొట్టాలు కనపడ్డాయి. అవి చూడగానే నాకు భిలాయి గుర్తొచ్చింది. నేను భిలాయి ఎప్పుడూ చూడలేదు. అయినా గుర్తొచ్చింది. ఎందుకో ముందు ముందు చెప్తాను.

స్టేషన్ ఒకచోట, ఊరు ఇంకోచోట. రైలు దిగితే లోయలో ఒక చిన్న స్టేషన్ మాత్రమే, ఊరు అక్కణ్ణించి తొమ్మిది కిలోమీటర్లు. రైలు వేళకి ఒక చిన్న బస్సు వచ్చి కాసుకుని ఉంటుంది. ఎక్కినవాళ్ళలో సగం మంది బాబాకి తెలుసు. నేనెవరో అందరూ అడిగారు. "ఇందియా నుంచి వచ్చిన నా పిల్ల" అని చెప్పింది. పిల్ల అంటే అక్కడ కూడా కూతురే, మనవరాలే, పక్కింటమ్మాయే.

* * *

ఆ ఊరు నేను చూసిన ఊళ్ళన్నిట్లోకీ అందమైంది. ఇది నా అభిమానం అనుకుంటారేమో, అనుకోండి. మధ్యలో తొపొల్నిత్సా అనే చిన్న ఏరు, దాని మీద వంపు తిరిగిన రాతి వంతెనలు. గుండ్రాళ్ళు పరిచిన సందులు. వాటికి రెండు వైపులా మనిషి ఎత్తు దాటిన రాతి గోడలు, ఎడ్లబండి దూరేంత పెద్ద చెక్క తలుపులు, ఆ తలుపు తీస్తే లోపల పచ్చిక, రేగు చెట్టు, నీలం రంగో ఎరుపో పసుపో వేసిన మేడ. మేడ పై అంతస్తు వీధి వైపు కొంచెం ముందుకి జరిగి ఉంటుంది. ఆ ఇళ్ళు గొర్రెల ఉన్నితో, బట్టల వ్యాపారంతో డబ్బు చేసుకున్నవాళ్ళు కట్టుకున్నవి. ఇస్తాంబుల్, అలెగ్జాండ్రియా దాకా వెళ్ళి అమ్మేవాళ్ళు. ఒస్లెకోవ్ అనే వ్యాపారి 1856లో కట్టించిన ఇంటి గోడల మీద దూరదేశాల నగరాల బొమ్మలు వేయించుకున్నాడు. మా వైపు పాత మేడల్లో గోడల మీద రాములవారి పట్టాభిషేకం వేయించుకున్నట్టు.

వీధి మూలల్లో రాతితో కట్టిన నీటి ధారలు. పంపు తిప్పక్కర్లేదు, రాత్రీ పగలూ పారుతూనే ఉంటుంది. ఊరు నిశ్శబ్దంగా ఉంటే ఆ నీళ్ళ చప్పుడే వినపడుతుంది. బాబా మొదటి ధార దగ్గరే ఆగి, స్కార్ఫు విప్పి ముఖం కడుక్కుని, దోసిలి పట్టి తాగి, నన్ను కూడా తాగమంది. ఆగస్టులో కూడా పళ్ళు జివ్వుమన్నాయి.

ఒక చిన్న వంతెన దగ్గర మళ్ళీ ఆపింది. 1876లో టర్కీ పాలన మీద బల్గేరియన్లు తిరగబడినప్పుడు మొదటి తుపాకీ పేలింది అక్కడ. మే 1న అన్ని ఊళ్ళలో ఒకేసారి లేవాలని అనుకున్నారట, కానీ సంగతి బయటపడి, కాబ్లెష్కోవ్ అనే కుర్రాణ్ణి పట్టుకోవడానికి పోలీసులు ఊళ్ళోకి రావడంతో, పాత క్యాలెండర్ లెక్కలో ఏప్రిల్ 20నే మొదలుపెట్టేశారు. చర్చి గంటలు మోగించారు. చచ్చిన టర్కీ అధికారి రక్తంతో శిలువ గుర్తు వేసి పక్క ఊరు పానగ్యూరిష్తెకి ఉత్తరం పంపారు. కాబ్లెష్కోవ్‌కి అప్పుడు పాతికేళ్ళు. అంతకు ముందు రైల్వేలో స్టేషన్ మాస్టరు. పట్టుబడ్డాక గాబ్రొవొ జైల్లో తన్ని తనే కాల్చుకున్నాడు.

ఇదంతా బాబా నిన్న జరిగినట్టు చెప్పేది. పానగ్యూరిష్తె, క్లిసురా తగలబడిపోయాయి. కోప్రివ్‌ష్టిత్సా తగలబడలేదు, ఊళ్ళో డబ్బున్నవాళ్ళు సైన్యానికి బంగారం ముట్టజెప్పి ఊరిని కాపాడుకున్నారు. "మా ఇళ్ళు నిలబడ్డాయి. అది చూసి సంతోషపడాలో సిగ్గుపడాలో నాకు చిన్నప్పట్నుంచీ తెలియదు" అంది. నాకైతే ఆ ఇళ్ళు నిలబడినందుకు సంతోషమే. నిలబడినందుకే కదా నేను చూశాను.

* * *

సోఫియాలో అలెగ్జాండర్ నెవ్‌స్కీ పెద్ద చర్చి ఉంది, బంగారు గోపురాలు, ఊరంతా కనపడుతుంది. నేను అలాంటిదేదో ఊహించుకున్నాను. కోప్రివ్‌ష్టిత్సా చర్చి వేరు. 1817లో కట్టారు. గోడలకి నీలం రంగు, పొట్టిగా, వెడల్పుగా, గోపురం లేకుండా, వీధి మట్టం కంటే కిందగా ఉంటుంది. టర్కీవాళ్ళ కాలంలో చర్చిలు ఎత్తుగా కట్టనిచ్చేవాళ్ళు కాదు. ఎత్తు పెంచే దారి లేక నేలని తవ్వి లోపలికి దించారని బాబా చెప్పింది. మన గుళ్ళకి మెట్లెక్కి వెళ్తాం, దేవుడు పైన ఉంటాడు. ఇక్కడ దేవుడి దగ్గరికి దిగాలి. ఆవిడ మోకాళ్ళు నొప్పులు, నా భుజం పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగింది.

లోపల చీకటి. బయటి ఎండలోంచి వెళ్తే కాసేపు ఏమీ కనపడదు, ముందు వాసనే తగులుతుంది. మైనం, సాంబ్రాణి, పాత కొయ్య. తర్వాత మెల్లగా చిన్న చిన్న మంటలు, వాటి వెనక బంగారు రంగు, దాని వెనక ముఖాలు. గర్భగుడికీ జనానికీ మధ్య నిలువెత్తు కొయ్య తెర ఉంటుంది, దాని నిండా సాధువుల పటాలు. ఆ తెర చెక్కింది త్ర్యావ్‌నా అనే ఊరి వడ్రంగులు, ఆ రోజుల్లో కొయ్య చెక్కడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు. పటాల్లో కొన్ని జహారీ జోగ్రాఫ్ వేసినవి. సమోకోవ్ ఊరివాడు, రీలా మఠం గోడల మీద బొమ్మలు వేసిన చెయ్యి కూడా ఆయనదే. నాకు అప్పటికి ఇవేమీ తెలియవు. ఆ కళ్ళు మాత్రం ఎటు జరిగినా నన్నే చూస్తున్నట్టు ఉన్నాయి.

కుర్చీలు లేవు, గోడ పక్కన ముసలివాళ్ళ కోసం కొన్ని తప్ప. అందరూ నిలబడే ఉంటారు. హార్మోనియం లాంటిదేమీ లేదు, ఒట్టి గొంతులే. ఫాదర్ ఒక మాట అంటే పక్కన నిలబడ్డ నలుగురు ఆడవాళ్ళు "గోస్పొది పొమిలుయ్" అని పాడేవాళ్ళు, ప్రభూ కరుణించు అని. అదే మాట మళ్ళీ మళ్ళీ, మళ్ళీ మళ్ళీ. మా ఊరి రామకోవెల్లో ఏకాహం రాత్రి రెండు దాటాక నామం ఎలా నెమ్మదిగా, నిద్రలో లాగా సాగుతుందో అలా ఉంది.

చివర్లో ఫాదర్ ఒక ఆకుల కట్ట నీళ్ళలో ముంచి అందరి తలల మీదా చల్లాడు. నా ముఖం మీద పడ్డ చుక్కల్లో తులసి తీర్థం వాసన. నేను ఉలిక్కిపడి బాబా చెయ్యి పట్టుకున్నాను. అది బొసిలెక్ అంది. మన దగ్గర సబ్జా గింజలు వచ్చే మొక్కే, తులసికి చెల్లెలు. ఇంటి నుంచి అంత దూరంలో, ఆ చీకట్లో, ఆ వాసన తగిలేసరికి నాకు ఏడుపొచ్చేసింది. అమ్మ గుర్తొచ్చింది. మామ్మ గుర్తొచ్చింది.

* * *

ద్వారం దగ్గర ఒక చెక్క గూడులో ఒకావిడ కూచుని కొవ్వొత్తులు అమ్ముతుంది. వేలు కంటే సన్నగా, మూరకి తక్కువగా, పసుపు రంగులో, చేత్తో పట్టుకుంటే వంగిపోతాయి. బాబా రుమాలు విప్పి స్తొతింకీలు లెక్కపెట్టి ఆరు కొన్నది. కొవ్వొత్తులు పెట్టడానికి రెండు చోట్లుంటాయి. ఛాతీ ఎత్తున ఇత్తడి పళ్ళెం, అది బతికున్నవాళ్ళకి. కింద నేల దగ్గర ఇసక పోసిన రేకు తొట్టి, అది పోయినవాళ్ళకి. బాబా వంగి కింద మూడు పెట్టింది, తల్లికి, తండ్రికి, భర్తకి. పైన రెండు, కూతురికి, షికాగోలో ఉన్న కొడుక్కి. కొడుకు పేరు చెప్పినప్పుడు కొంచెం గట్టిగా చెప్పింది, దూరం కదా.

ఆరోది నా చేతికిచ్చింది. నీ వాళ్ళెవరికైనా పెట్టుకోమంది.

నాకు ఎవరి పేరు రావాలి? అమ్మా నాన్నా ఉన్నారు. మామ్మ పోయింది. కానీ నోట్లోకి వచ్చింది చిన్నాన్న పేరు.

మా చిన్నాన్నని నేను చూడలేదు. నేను పుట్టడానికి ముందే వెళ్ళిపోయాడు. ఇంటర్ తప్పాడని తాతయ్య చెయ్యి చేసుకున్నాడట, ఆ సాయంత్రం పార్వతీపురం స్టేషన్‌లో రాయపూర్ వైపు వెళ్ళే బండెక్కడం ఊళ్ళోవాళ్ళెవరో చూశారు. కొన్ని నెలలకి భిలాయి నుంచి మామ్మ పేరు మీద యాభై రూపాయల మనియార్డరు వచ్చింది. కింద కూపన్ మీద రెండే ముక్కలు, "బాగున్నాను. బెంగపడకు." అంతే. తర్వాత ఏమీ లేదు. నాన్న రెండుసార్లు భిలాయి వెళ్ళి స్టీల్ ప్లాంట్ గేటు ముందు మనవాళ్ళందర్నీ అడిగి వచ్చాడు. ఆ కూపన్ మామ్మ రామాయణం పుస్తకంలో దాచుకుంది. సాయంత్రం బండి కూత వినపడే వేళకి అరుగు మీదకొచ్చి, మోకాలి మీద మోచెయ్యి ఆనించి, చెంపకి చెయ్యి పెట్టుకుని వీధి వైపు చూస్తూ కూచునేది. నేను చిన్నప్పుడు ఆవిడ పక్కన కూచుని పప్పుండలు తినేదాన్ని, ఆవిడ ఎవరి కోసం చూస్తోందో నాకు చాలా ఏళ్ళు తెలియదు. బండి వెళ్ళిపోయాక, స్టేషన్ నుంచి నడిచొచ్చేవాళ్ళు అందరూ వచ్చేశారనిపించాక, లేచి లోపలికెళ్ళి దీపం పెట్టేది.

కొవ్వొత్తులావిడకి చిన్నాన్న అని చెప్పాను. వాళ్ళ భాషలో చీచొ అంటారు. ఆవిడ నన్ను చూసి మెల్లగా అడిగింది, పోయాడా అని. నేను గబుక్కున కాదు అని తల అడ్డంగా ఊపేశాను. అడ్డంగా ఊపితే అక్కడ అవునని కదా. ఆవిడ జాలిగా చూసి, "బోగ్ ద గో ప్రొస్తి" అని, కింద తొట్టి చూపించింది. దేవుడు అతన్ని క్షమించుగాక అని, పోయినవాళ్ళ పేరెత్తితే అక్కడ అందరూ అనే మాట. నాకు సరిచెయ్యాలని తోచలేదు. అదే నిజమేమో అనిపించింది. మా ఇంట్లో ఎవరూ పైకి అనని మాట పరాయి ఊళ్ళో పరాయి మనిషి తేలిగ్గా అనేసింది, ఇక సరే అనుకున్నాను. వంగాను. కొవ్వొత్తి ఇసకలో గుచ్చబోయాను.

బాబా నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా. ఆ చేతిలో అంత బలం ఉందని నాకు తెలియదు. "నువ్వు చూశావా?" అంది. చూళ్ళేదన్నాను. "ఎవరైనా కబురు తెచ్చారా?" లేదన్నాను. "అయితే గొరే" అంది. గొరే అంటే పైన. కబురొచ్చేదాకా పైనే. ఆ కబురు తేవడం నీ పని కాదు అని కూడా అంది. తన కొడుకు కొవ్వొత్తి పక్కన జాగా చూపించి, తనే పట్టుకుని నా చేత పెట్టించింది.

మేం చూస్తుండగానే ఒకావిడ వచ్చి, సగం కాలిన కొవ్వొత్తులు కొన్ని ఆర్పి తీసి బకెట్‌లో వేసింది. జనం ఎక్కువున్న రోజు కదా, కొత్తవాటికి చోటు కావాలి. ఆ ముక్కలన్నీ మళ్ళీ కరిగించి కొత్తవి పోస్తారట. చిన్నాన్నది ఇంకా ఉంది. నేను బయటికొచ్చే దాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను.

* * *

చర్చి వెనక సమాధుల తోట. రాళ్ళ మధ్య పచ్చిక, దేవదారు చెట్ల నీడ. అక్కడ బాబా నన్ను ఒక విగ్రహం దగ్గరికి తీసుకెళ్ళింది. దిమ్చో దెబెల్యానోవ్ అనే కవి సమాధి. 1887లో ఆ ఊళ్ళోనే పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1916లో గ్రీసు వైపు సరిహద్దులో పోరాడుతూ పోయాడు, ఇరవై తొమ్మిదేళ్ళకే. అక్కడే పాతిపెట్టారు, 1931లో అస్థికలు ఊరికి తెచ్చారు. సాయంత్రం వేళ తండ్రి ఇంటికి తిరిగి వెళ్ళడం గురించి, గుమ్మంలో ఎదురొచ్చే తల్లి గురించి ఆయన రాసిన పద్యం అక్కడ బళ్ళో అందరూ నేర్చుకుంటారు. బాబా కళ్ళు మూసుకుని మొత్తం చెప్పింది, మధ్యలో ఒక్కచోట కూడా తడుముకోలేదు.

సమాధి మీద ఉన్నది కవి బొమ్మ కాదు. ఇవాన్ లాజరోవ్ అనే శిల్పి తల్లిని చెక్కాడు. తలకి గుడ్డ కట్టుకుని కూచున్న పల్లెటూరి ముసలమ్మ. తల చేతికి ఆనించుకుని, ఎటో చూస్తూ.

నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. మా అరుగు, మా మామ్మ. చీర బదులు గౌను, అంతే తేడా. బాబాకి నా బల్గేరియన్‌లో వచ్చినంత చెప్పాను, మనియార్డరు అనే మాటకి వాళ్ళ మాట తెలియక డబ్బు ఉత్తరం అన్నాను. ఆవిడ మాట్లాడకుండా విని, సంచిలోంచి రొట్టె తీసి తుంచి నాకింత పెట్టింది. ఆ గట్టు మీద కూచుని ఇద్దరం గుడ్లూ రొట్టే తిన్నాం.

ఆ రాత్రి బాబా వాళ్ళ వదినగారింట్లో పడుకున్నాం. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆవిడ చిన్న గాజు సాసర్‌లో చెర్రీ పళ్ళ పాకం ఒక చెంచాడు, పక్కన గ్లాసుతో చల్లటి నీళ్ళు తెచ్చి పెట్టింది, ఇంటికొచ్చినవాళ్ళకి పాత పద్ధతి. రాత్రి రెండు ఉన్ని దుప్పట్లు కప్పుకున్నా చలి. కిటికీ కింద నీటి ధార తెల్లారేదాకా పారుతూనే ఉంది.

* * *

తర్వాత ఇంకో రెండు ఆగస్టులు వెళ్ళాం. ఆ తర్వాత నేను ఇండియా వచ్చేశాను, పెళ్ళి, పిల్లలు. మొదట్లో నెలకోసారి వీడియో కాల్ చేసేదాన్ని. బాబాకి వినికిడి తగ్గాక కూతురు పక్కన కూచుని నా మాటలు గట్టిగా మళ్ళీ చెప్పేది. నాన్న కూడా ఒకసారి ఆ కాల్‌లో మాట్లాడాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, నమస్కారం పెట్టుకున్నారు, ఇద్దరూ తల అడ్డంగా ఊపుకున్నారు.

నాన్నతో కొవ్వొత్తి సంగతి నేను చెప్పాను. కింద పెట్టబోయానని కూడా చెప్పాను. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. మామ్మ పోయినప్పుడు పంతులుగారు, తర్వాత పుష్కరాల్లో ఇంకో పంతులుగారు, తమ్ముడికి కూడా పిండం పెట్టేస్తారా, ఇన్నేళ్ళయింది కదా, శాస్త్రం ఒప్పుకుంటుంది అన్నారట. రెండుసార్లూ నాన్న పెట్టలేదు. ఆ మాట నాకు ఆ రోజే చెప్పాడు.

మార్చిలో బాబా కూతురు ఒక ఫోటో పంపింది. మ్లాదొస్త్‌లో ఆ ఆరో అంతస్తు తలుపు. భర్త కాగితం పక్కన బాబా కాగితం, తలుపు మూలన నల్ల రిబ్బను. ఫోటోలో బాబా తలకి స్కార్ఫు లేకుండా, కుర్రగా ఉంది.

సీతంపేట నుంచి వచ్చిన రాత్రే నేను ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టాను, మైనం వాసన గురించి. ఆగస్టులో ఊరు వెళ్తావా అని అడిగాను. వెళ్తానంది.

మొన్న 15న మధ్యాహ్నం, మా అబ్బాయి స్కూల్లో జెండా పండగ చూసుకుని ఇంటికొచ్చి పడుకున్నాను, ఫోన్ మోగింది. చర్చిలోంచి మెసేజ్. అమ్మకి కింద పెట్టాను అని రాసింది. తర్వాత, అమ్మ ప్రతి ఏడూ మా అన్నయ్య కొవ్వొత్తి పక్కన ఇంకొకటి పెట్టేది, ఎవరికని అడిగితే ఇందియా చీచొకి అనేది, నేను ఇప్పుడు అది చేతిలో పట్టుకుని నిలబడ్డాను, ఏమైనా తెలిసిందా అని.

చిన్నాన్నకి ఈ ఏడు డెబ్భై నిండుతాయి. నాన్న ముందు గదిలో పేపరు చదువుకుంటున్నాడు. వెళ్ళి అడగాల్సిన పని లేదు, అయినా వెళ్ళి అడిగాను. నాన్న పేపరు దించి నా వైపు చూసి, లేదమ్మా అన్నాడు.

లేదు అని రాశాను. రెండు నిమిషాల తర్వాత ఫోటో వచ్చింది. కొంచెం అదిరింది, చీకట్లో తీసింది కదా. ఇత్తడి పళ్ళెం, దాని మీద రెండు కొవ్వొత్తులు దగ్గర దగ్గరగా, ఒకటి కొంచెం వంగి ఉంది.